గొలుసు చివర వరుస

చోడవరం,
3 జులై 2025

ఒసే గ్లోరీ, నా బంగారు తల్లీ,

దేవుడి నీడలో బాగున్నావనే అనుకుంటన్నాను. నేనూ బాగున్నాననే రాయాలి కాబట్టి రాస్తన్నాను, మోకాళ్ళు మాత్రం ఒప్పుకోడం లేదు. ఆషాఢం ఎల్లగానే పెళ్ళిళ్ళంట, పదిహేడు జాకెట్లు మిషను మీదున్నాయి. మీ హాస్టల్లో రెండో ఆదివారం ఇచ్చే అయిదు నిమిషాల ఫోన్లో ఈ సంగతి పట్టదు. పైగా మీ వార్డెనమ్మ చెవి అక్కడే పెట్టుకుని నిలబడతాది. అందుకే ఉత్తరం.

వడ్డాది రోడ్డు వెడల్పు చేస్తన్నారు. మన సమాధుల తోట దాదాపు అంతా రోడ్డులోకి పోతాది. సంఘానికి వెనకాల వేరే చోటిచ్చేరు. ఆగస్టు అయిదులోగా ఎవరి మనిషి ఎక్కడున్నారో ఫారం రాసిచ్చినోళ్ళకి అక్కడ విడివిడిగా జాగా. ఫారం రానివన్నీ జేసీబీతో ఎత్తి ఒక్క గోతిలో వేసీస్తారంట. ఈ మాట విన్నకాడి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

ఆ ఫారంలో గంట స్తంభం నుంచి తూర్పుకెన్ని మీటర్లు, ఉత్తరానికో దక్షిణానికో ఎన్ని మీటర్లు అని రెండు గళ్ళున్నాయి. హుద్‌హుద్ తుఫానుకి గోడ కూలి, శిలువలన్నీ కొట్టుకుపోయి నేల సాపైపోయింది కదా, అందరూ తలలు పట్టుకుంటన్నారు. నాకు మాత్రం రేకు పెట్టెలో మీ తాత పుస్తకం దొరికింది. మీ తాత దావీదు ముప్ఫై ఏళ్ళు సర్వేలో గొలుసు లాగేడని నీకు తెలుసు. గంట స్తంభం మీద ఒక తగరం పళ్ళెం మేకులేసి బిగించి, దాని చుట్టూ గీతలు గీసి, మధ్యలో ముల్లు పెట్టేడు. ఎవర్ని పాతినా ముల్లు అటు తిప్పి కోణం రాసుకునేవాడు, గొలుసు పట్టి దూరం రాసుకునేవాడు. ఆ పళ్ళెం తుఫానులో ఎగిరిపోయింది, పుస్తకం మిగిలింది. పేర్లు లేవు, నంబర్లూ తారీకులే.

పోయిన తారీకు బట్టి మీ అమ్మ కృపామణిది అరవై ఒకటి. "దూరం 20, కోణం 40" అని ఉన్నాది. దీన్ని తూర్పు ఎంత, ఉత్తరం ఎంత అని మార్చి పంపు. నువ్వు లెక్కలొచ్చిన గుంటవి కదా. మనకి చోటు తెలుసనుకో, ఆఫీసు వాళ్ళకి లెక్క కావాలంట.

ఉప్మా పారబోయకుండా తిను.

నీ మేలు కోరే అత్త,
డెబోరా

*

మధురవాడ హాస్టల్,
7 జులై

ప్రియమైన అత్తకి,

నీ ఉత్తరం రూమ్మేట్స్ అందరూ చదివేశారు, సారీ. ఇక్కడ ఉత్తరం వచ్చిందంటే సినిమా రిలీజైనట్టే. ఉప్మా గురించి మాత్రం ఏమీ అడగకు.

తాత అంత పని చేశాడని నాకు తెలీదు. మాకు ఈ నెలే ఇది చెబుతున్నారు. ఒక చోటుని రెండు రకాలుగా చెప్పొచ్చత్తా. ఒకటి తాత పద్ధతి: నిలబడిన చోటి నుంచి ఎంత తిరగాలి, ఎంత దూరం నడవాలి. వీటిని ధ్రువ నిరూపకాలు అంటారు. రెండోది ఫారం పద్ధతి: తూర్పుకి ఇంత, అక్కణ్నుంచి తిన్నగా ఉత్తరానికి ఇంత. నువ్వు జాకెట్టుకి చంక కొలత, పొడుగు కొలత విడివిడిగా తీస్తావే, అలాగ. మొదటి దాన్నుంచి రెండోదానికి రావడం తేలికే. దూరాన్ని కోణం కాస్‌తో గుణిస్తే తూర్పు వస్తుంది, సైన్‌తో గుణిస్తే ఉత్తరం వస్తుంది.

నలభై డిగ్రీల కాస్ 0.766. ఇరవైతో గుణిస్తే 15.32.
సైన్ 0.643. ఇరవైతో గుణిస్తే 12.86.

కాబట్టి తూర్పుకి 15.32 మీటర్లు, ఉత్తరానికి 12.86 మీటర్లు. ఫారంలో ఇదే రాసేయ్. రెండుసార్లు చూశాను, తప్పు లేదు.

ఒక్కటే అర్థం కాలేదు. అమ్మ చోటు మనకి తెలుసు కదా. ప్రతి ఈస్టరుకి వెళ్తాం. అలాంటప్పుడు ఈ పుస్తకం, కోణం ఎందుకు? టేపు పెట్టి కొలిచేస్తే అయిపోతుంది.

నీ
గ్లోరీ

*

చోడవరం,
10 జులై

ఒసే గ్లోరీ,

నీ లెక్క నా కొంప ముంచింది. నిన్న సంఘం టేపు అడిగి తెచ్చి, ఫోనులో దిక్సూచి పెట్టుకుని, గోతులు తవ్వే సత్యారావుని వెంటేసుకుని వెళ్ళేను. తూర్పుకి పదిహేను మీటర్ల చిల్లర బానే వచ్చింది. అక్కణ్నుంచి ఉత్తరానికి కొలుస్తా ఉంటే తొమ్మిది మీటర్లకే తుఫాను తర్వాత మళ్ళీ కట్టిన గోడ తగిలింది. మిగతాది గోడవతల చెరకు తోటలో పడ్డాది! మీ అమ్మని చెరకులో పాతేమా మేము?

సంఘం పెద్ద ఆస్టిన్ గారు ఊరుకుంటాడా. "డెబోరమ్మా, ఇంటికొక్క గొయ్యే తవ్వనిస్తాం, గుర్తు దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. తోటంతా కోళ్ళు కెలికినట్టు కెలకనివ్వం" అని అందరిముందూ అన్నాడు. మొహం చెల్లక వచ్చీసేను.

టేపు పెట్టి కొలవొచ్చు కదా అని నన్నడిగేవు. పుస్తకం ప్రకారం రాయమన్నారు, పుస్తకం ప్రకారమే రాయాలి. పెద్దవాళ్ళు చెప్పింది చెయ్యకుండా ఎదురు ప్రశ్నలెందుకే నీకు? మీ నాన్న ఫెలిక్స్‌ని ఫోన్లో అడిగితే లారీ నాగపూర్లో ఉందన్నాడు. వాడికి ఈ రోజు ఏ వారమో తెలీదు, చోటేం తెలుస్తాది.

మళ్ళీ చెయ్యి. ఈసారి నెమ్మదిగా, ప్రార్థన చేసుకుని చెయ్యి. రోజులు ఇరవై ఆరే ఉన్నాయి.

అత్త

*

మధురవాడ,
13 జులై

అత్తా,

నీ ఉత్తరం చదివి ఏడుపొచ్చింది. తర్వాత సిగ్గేసింది, ఎందుకంటే తప్పు నాదే. గుణకారం కాదు, తిరగడం.

మా పుస్తకంలో తూర్పు నుంచి మొదలెట్టి ఎడమచేతి వైపు తిరుగుతారు, గడియారానికి ఎదురు. నేను అలవాటుగా అలాగే వేశాను. సర్వే వాళ్ళు కుడిచేతి వైపు, గడియారం ముల్లులాగ తిరుగుతారట. ఇది మా లెక్కల సార్ చెప్పారు. తాత సర్వే మనిషి. ఆయన పళ్ళెం మీద అంకెలు ఎటు పెరుగుతాయో నీకు గుర్తుందా? కుడివైపే అయ్యుంటుంది.

అలాగైతే అంకెలు అవే, ఉత్తరం దక్షిణం అవుతుంది అంతే. తూర్పుకి 15.32, దక్షిణానికి 12.86.

ఇంకోటి. నువ్వు కోప్పడినా అడుగుతాను. ఉత్తరం వైపు కొలిచి గోడ తగిలినప్పుడు నువ్వెందుకంత భయపడ్డావు? మన దిబ్బ దక్షిణం వైపు ఉంది. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. లెక్క తప్పిందని అక్కడికక్కడే నవ్వేసి రావాలి కదా. నువ్వేదో పోయిన వస్తువు వెతుకుతున్నట్టు రాశావు. పుస్తకం ప్రకారమే రాయాలని ఫారంలో ఉందా? ఉంటే ఆ ముక్క జిరాక్స్ తీసి పంపు.

నా మీద కోపంగా ఉన్నావా? "నీ మేలు కోరే" అని కూడా రాయలేదు.

నీ
గ్లోరీ

*

చోడవరం,
17 జులై

నా తల్లీ, నా బంగారు కొండా,

దేవుడు ఉన్నాడే! నీ అంకెలు పట్టుకుని తెల్లారగట్లే వెళ్ళేను. తూర్పుకి కొలిచేను, దక్షిణానికి తిరిగేను, టేపు చివర చూస్తే మన దిబ్బ. మనం పూలు పెట్టే దిబ్బే. అడుగు కూడా తేడా లేదు. అక్కడే చతికిలబడి వెక్కి వెక్కి ఏడిసేను. సత్యారావు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చేడు. పదకొండేళ్ళ బరువు దిగినట్టయింది.

పళ్ళెం అంకెలు కుడికే పెరిగేవి. ఇప్పుడు గుర్తొచ్చింది. మన సమాధుల వరుస వంకరగా ఉందని అందరూ నవ్వేవారు కదా, అది వంకర కాదు. మీ తాత గొలుసు ఇరవై మీటర్లది. గొలుసు నిండా లాగి, చివర ఎక్కడ ఆగితే అక్కడ తవ్వించేవాడు. స్తంభం చుట్టూ సగం చక్రంలా తిరిగింది వరుస. మీ అమ్మ గొలుసు చివర వరుసే.

ఎల్లుండి శనివారం తవ్వుతాం. ఎముకల దాకా వెళ్ళక్కర్లేదు. మీ తాత ప్రతి మనిషి తల దగ్గర రెండడుగుల లోతులో ఇంటి పెంకు ఒకటి పెట్టేవాడు, దాని మీద మేకుతో నంబరు గీసి. ఆ పెంకు చూపిస్తే ఆస్టిన్ గారు సంతకం పెడతాడు. అంతే, మీ అమ్మ గోతిలోకి పోదు.

జిరాక్స్ సంగతి తర్వాత చూద్దాం. బాగా చదువుకో.

నీ మేలు కోరే, ఎప్పుడూ నీ మేలే కోరే
అత్త

*

మధురవాడ,
20 జులై

అత్తా,

నిన్న తవ్వేసి ఉంటారు. నిన్న పొద్దున్నే ఔట్‌పాస్ అడిగితే వార్డెన్ మేడమ్ "సమాధి తవ్వడానికి సెలవా?" అని రిజిస్టర్ మూసేసింది. క్లాసులో కూర్చున్నాను గాని ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. ప్రతి ఈస్టరుకి తెల్లారి ఆరాధన అయ్యాక నువ్వు పెద్దవాళ్ళతో మాట్లాడుతుంటావు కదా, అప్పుడు నేను ఆ దిబ్బ దగ్గర కూర్చుని అమ్మకి ఆ ఏడాది సంగతులన్నీ చెబుతాను. ఏడో తరగతిలో స్లిప్ పెట్టి రాశానని అమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. పెద్దమనిషినైనప్పుడు నీతో చెప్పడానికి సిగ్గుపడి రెండు రోజులు దాచాను. అమ్మకి మాత్రం సిగ్గులేకుండా చెప్పాను. నాన్న మీద కోపం కూడా అక్కడే చెప్పాను. నాకు అమ్మ మొహం గుర్తులేదత్తా. ఆ దిబ్బే గుర్తు.

ఈ ఉత్తరంలో మడత పెట్టిన చిన్న కాగితం వేరే ఉంది. చదవకు. అమ్మని కొత్త చోట పెట్టేటప్పుడు పక్కన పెట్టు.

ఒక్క మాట మాత్రం నన్ను వదలడం లేదు. "పదకొండేళ్ళ బరువు దిగింది" అని రాశావు. ఏం బరువు?

నీ
గ్లోరీ

*

చోడవరం,
20 జులై, ఆదివారం

గ్లోరియా,

చర్చికి వెళ్ళలేదు ఈ రోజు. ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలెట్టి చింపేను.

నిన్న పదిమంది చూస్తా ఉంటే తవ్వేరు. రెండడుగుల దగ్గర సత్యారావు గునపం టక్కుమంది. చేత్తో మట్టి తీసి పెంకు పైకి తీసేడు. నీళ్ళతో కడిగేను నేనే. నలభై ఏడు.

అరవై ఒకటి కాదు. నలభై ఏడు.

ఆస్టిన్ గారు నా వైపు చూసేడు. నేను పుస్తకం తెరిచేను. పుస్తకంలో నలభై ఏడు 1998 నవంబరుది. సంఘం రిజిస్టరు చూస్తే అచ్చియ్యమ్మ అని ఉన్నాది. చర్చి ఊడ్చే ముసలమ్మ, ఎవరూ లేనిది. చీడికాడ నుంచి ఒక్కతే వచ్చి మన అరుగు మీద ఉండిపోయింది, పోయినప్పుడు మీ తాతే అన్నీ చేసేడు.

ఇంక దాచలేను. ఆ దిబ్బ మీ అమ్మది కాదేమో అని నాకు పదకొండేళ్ళ నుంచీ తెలుసు. తుఫాను తర్వాత ఈస్టరుకి నిన్ను తీసుకెళ్ళేను. ఏడేళ్ళదానివి. శిలువ లేదు, గుర్తు లేదు, అంతా బురద ఆరిన నేల. నువ్వు చెయ్యి లాగి "అమ్మ ఏది అత్తా, అమ్మ ఏది" అని మొదలెట్టేవు. నాకు తెలీదే. దక్షిణం వైపు చివరి వరుస అని తెలుసు, అంతే. మీ తాతని అడుగుదామంటే పక్షవాతం వచ్చి నోట మాట లేదు, అడిగితే కళ్ళంట నీళ్ళు కార్చేవాడు. నువ్వు గుక్క పట్టి ఏడుస్తా ఉంటే చూడలేక కొంచెం ఎత్తుగా కనిపించిన దిబ్బ వైపు చెయ్యి చాపేను. నువ్వు పరిగెత్తి దాని మీద పడిపోయేవు. ఏడుపు ఆగిపోయింది. ఆ తర్వాత చెయ్యి ఎలా వెనక్కి తీసుకోను?

ఒక్క అబద్ధం. ప్రతి ఈస్టరుకీ దాని మీద పూలు పోసేను. నీ అంకెలు దాని మీదకే వచ్చి పడితే దేవుడు నన్ను క్షమించేడనుకున్నాను.

ఆస్టిన్ గారి కాళ్ళు పట్టుకున్నంత పని చేసేను. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యేక ఇంకొక్క గొయ్యి తవ్వనిస్తానన్నాడు. అది ఆఖరు. అయిదో తారీకు దాటగానే జేసీబీ లోపలికి వస్తాది, ముందు దక్షిణం వైపే. పుస్తకంలో నలభై ఏడు దగ్గర "దూరం 20, కోణం 52½" అని ఉన్నాది. దీంతో నీకేమైనా తెలుస్తాదేమో. నిన్ను అడిగే మొహం నాకు లేదు గాని అడుగుతన్నాను. నా కోసం కాదు.

డెబోరా

*

మధురవాడ,
23 జులై

అత్తకి,

పదకొండు ఈస్టర్లు నేను ఎవరితో మాట్లాడాను?

నువ్వు తెలీదని చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని. పిల్లలు ఏడుస్తారు, ఆగుతారు. ఆ కాగితం పంపాను చూడు, అది చింపెయ్. ఎవరి పక్కనా పెట్టకు.

ఇంకేమీ రాయను.

జి. గ్లోరియా

*

మధురవాడ,
24 జులై

అత్తకి,

కోపం తగ్గలేదు. ఇది లెక్క మాత్రమే. స్పీడ్ పోస్టులో వేయించాను, శనివారానికి అందాలి.

నిన్నంతా తాత మీద కూడా కోపంగా ఉన్నాను. తప్పుడు పుస్తకం రాశాడనుకున్నాను. రాత్రి భోజనాల దగ్గర కంచంలో చెంచాతో గీతలు గీస్తుంటే తట్టింది. తాత తప్పు రాయలేదు. నేనే ఆయన సున్న ఎటో తెలుసుకోకుండా తూర్పు అనుకున్నాను.

చూడు. పెంకు దొరికిన చోటు గంట స్తంభం నుంచి తూర్పుకి 15.32, దక్షిణానికి 12.86. అంటే తిన్నటి తూర్పు నుంచి కుడికి నలభై డిగ్రీలు. తాత పుస్తకంలో ఆ పెంకుకే యాభై రెండున్నర ఉంది. దూరం రెండింటికీ ఇరవయ్యే, గొలుసు నిండా. దూరంలో తేడా లేదు, కోణంలోనే పన్నెండున్నర తేడా. అంటే తాత ముల్లు సున్న దగ్గర ఉన్నప్పుడు అది తూర్పు వైపు లేదు. తూర్పు నుంచి పన్నెండున్నర డిగ్రీలు ఉత్తరానికి జరిగి ఉంది. ఎందుకో నాకు తెలీదు. ఒకదానికి జరిగితే అన్నింటికీ అంతే జరుగుతుంది.

కాబట్టి అమ్మది నలభైలోంచి పన్నెండున్నర తీసేస్తే ఇరవై ఏడున్నర.

కాస్ 0.887. తూర్పుకి 17.74 మీటర్లు.
సైన్ 0.4617. దక్షిణానికి 9.23 మీటర్లు.

ఆ దిబ్బ నుంచి ఈశాన్యం వైపు నాలుగు మీటర్ల పైచిలుకు. టేపు సాగదీయకు, వదులుగా వదలకు. దిక్సూచి పెట్టేటప్పుడు ఫోను స్తంభానికి దూరంగా పెట్టు, ఇనుము దగ్గర ముల్లు తప్పు చూపిస్తుంది. మూడుసార్లు కొలువు. తప్పితే ఇంక గొయ్యి లేదు.

గ్లోరియా

*

చోడవరం,
27 జులై, ఆదివారం

గ్లోరీ,

దొరికింది.

పెంకు నా ఒళ్ళో పెట్టుకునే రాస్తన్నాను. అరవై ఒకటి. మీ తాత ఆరు అంకె తోక కొంచెం పైకి గీస్తాడు, అలాగే ఉన్నాది.

నువ్వు చెప్పినట్టు మూడుసార్లు కొలిచేను. సత్యారావు ఒక కొస, నేను ఒక కొస. ఒకసారి నాలుగు వేళ్ళు అటు, ఒకసారి ఇటు, మధ్యలో పుల్ల గుచ్చేను. జనం మూగేరు. అడుగున్నర తవ్వినా ఏమీ లేదు. రెండడుగులు వచ్చింది, ఏమీ లేదు. ఆస్టిన్ గారు వాచీ చూసుకున్నాడు. సత్యారావు గునపం పక్కన పడేసి చేతులతో గెలికేడు, "ఉందమ్మా" అన్నాడు. చెమటకి కళ్ళు కనపడక పెంకుని తడిమి చదివేను. ఆస్టిన్ గారు సంతకం పెట్టి, "మీ గ్లోరీ గుంటని మా ఇంటి లెక్క కూడా చెయ్యమను" అన్నాడు. నాలుగిళ్ళ వాళ్ళు వరుసలో ఉన్నారు, అందరివీ నంబర్లూ, దూరాలూ, కోణాలూ పుస్తకంలోంచి రాసి దీంట్లో పెట్టేను.

పన్నెండున్నర ఎందుకో నాకు తెలుసు. నేను అక్కడే ఉన్నాను. నువ్వు రాసేక పుస్తకం మొదటి పేజీ తీసి చూసేను. అట్టకి అంటుకుపోయి ఉంటే ఆవిరి పట్టి విడదీసేను. "1984 ఏప్రిల్ 22. పునరుత్థాన ఆదివారం. సున్న పెట్టేను" అని ఉన్నాది. నాకు పదేళ్ళు అప్పుడు. ఈస్టరు తెల్లారి ఆరాధన అవుతా ఉంది. మీ తాత నన్ను భుజాల మీద ఎక్కించుకుని స్తంభం దగ్గర నిలబడ్డాడు. "సూర్యుడు తల బయట పెట్టగానే సెప్పు" అన్నాడు. నేను అరిచేను. ఆయన సుత్తితో మేకు కొట్టేడు. "నాన్నా, అది తూర్పేనా?" అంటే "తూర్పు కాదే, ఏప్రిల్లో సూర్యుడు ఉత్తరానికి జరిగి పొడుస్తాడు. సర్వేకి తూర్పు కావాలి, వీళ్ళకి ఎందుకు? లేచే రోజున వీళ్ళు చూసేది ఇటే" అన్నాడు. నలభై ఏళ్ళు ఈ మాట నా బుర్రలో ఉండి కూడా ఒక్కసారి పైకి రాలేదు. ముందే గుర్తొచ్చుంటే నీకు ఇంత జరిగేది కాదు.

నీ కాగితం చింపలేదు. చదవలేదు కూడా. మిషను సొరుగులో ఉంది. చేతులు కాలేక ఆకులు పట్టుకోడం నా బతుకు. నువ్వు నన్ను తిట్టు, పర్లేదు, ఉత్తరం మాత్రం మానకు. జి. గ్లోరియా అని చూసి రెండు రోజులు మిషను ముట్టలేదు.

ఒక్క సంగతి ఉండిపోయింది. అచ్చియ్యమ్మకి ఫారం ఎవరూ ఇవ్వలేదు. ఆవిడ పెంకు తిరిగి మట్టిలో పెట్టించేను, గాని అయిదో తారీకు దాటితే ఉమ్మడి గోతిలోకే. సంఘం తరపున ఇవ్వొచ్చు కదేటి అంటే కుదరదంట, "బంధుత్వం" అని గడి ఉన్నాది, అది నింపాలంట. నేను ఆవిడకి ఏమీ కాను. ఊరికే రాస్తన్నాను నీకు.

నీ మేలు కోరింది, అది మాత్రం అబద్ధం కాదు,
అత్త డెబోరా

*

మధురవాడ,
30 జులై

అత్తా,

పెంకు ఫొటో కాకుండా పెంకే దాచి ఉంచు. నేను చూడాలి.

మిగతా నాలుగిళ్ళ లెక్కలు వెనక కాగితంలో ఉన్నాయి. అన్నింట్లోనూ పన్నెండున్నర తీసేశాను. ఎవరూ మళ్ళీ తీయక్కర్లేదని ఆస్టిన్ తాతయ్యకి గట్టిగా చెప్పు.

నీ మీద కోపం ఇంకా ఉంది. ఉంటుంది కొన్నాళ్ళు. కాని నిన్న క్లాసులో కూర్చుని ఆలోచించాను. ఆ రోజు నేను ఏడుస్తుంటే నువ్వు నా చెయ్యి విదిలించుకుని వెళ్ళిపోలేదు. ఎటో ఒకవైపు చూపించావు. నాలుగు మీటర్లే తప్పావు. గొలుసు లేకుండా, పళ్ళెం లేకుండా, బురదలో నిలబడి నాలుగు మీటర్లు. మా క్లాసులో అన్నీ ఉండి కూడా అంతకంటే ఎక్కువ తప్పుతారు.

కొత్త చోట స్తంభం పాతినప్పుడు తాతలాగే పుస్తకం పెట్టించు. ఈసారి మొదటి పేజీలో సున్న ఎటో పెద్ద అక్షరాలతో రాయించు. అట్టకి అంటుకోకుండా ప్లాస్టిక్ కవరు వెయ్యి. అమ్మని గొలుసు చివరే పెట్టండి. కాగితం ఇప్పుడు పెట్టొచ్చు.

అమ్మ పక్కన ఇంకొక చోటు ఉంచమను. స్లిప్ సంగతీ, నాన్న మీద కోపమూ, పెద్దమనిషినైన సంగతీ అన్నీ విని ఎవరికీ చెప్పని మనిషిని ఒకే గోతిలో పడేస్తే నాకు నిద్ర పట్టదు. అచ్చియ్యమ్మ ఫారం నువ్వు నింపు. అడిగినవాళ్ళ పేరు దగ్గర నా పేరు రాయి. బంధుత్వం గడి ఖాళీగా వదలకు, మనవరాలు అని రాయి. ఎవరైనా రుజువు అడిగితే నన్ను పిలిపించమను, దానికైనా వార్డెన్ మేడమ్ ఔట్‌పాస్ ఇస్తుందేమో.

నీ
గ్లోరీ